అక్షరక్రమంలో విన్న సెపుల్తురా

దాదాపు ఏడాది పాటు సెపుల్తురా అనే బ్రెజిల్ హెవీ మెటల్ బ్యాండ్ చరిత్ర నాకు తలకిందులుగా తెలుసు. తప్పు నాది కాదు, ఇంగ్లీషు అక్షరమాలది.

రూమ్మేట్ ఇచ్చిన పెన్ డ్రైవ్‌లో ఏడు ఫోల్డర్లు ఉండేవి, ఒక్కోదానిలో వాళ్ల ఆల్బమ్ ఒకటి. సంవత్సరాలు లేవు, కవర్ బొమ్మలు లేవు, పాటల పేర్లు సగం ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’. పైనుంచి కిందికి వరస ఇదీ: అగెనెస్ట్, అరైజ్, బినీత్ ద రిమైన్స్, కేయాస్ ఏ.డీ., మోర్బిడ్ విజన్స్, రూట్స్, స్కిజోఫ్రీనియా. బుద్ధిమంతుడిలా పైనుంచి మొదలుపెట్టి కిందిదాకా విన్నాను. విన్న వరసే వాళ్లు చేసిన వరస అనుకున్నాను.

అలా నాకు అర్థమైన కథ చెప్తాను, నవ్వకండి. బ్రెజిల్‌లో ఒక బ్యాండ్. మొదటి ఆల్బమ్‌లో ఒక సింగర్, మందమైన గొంతు. రెండో ఆల్బమ్‌కల్లా అతన్ని పంపించేసి ఇంకొకణ్ని తెచ్చుకున్నారు. వీడికి కోపం ఎక్కువ, వీడు రాగానే బ్యాండ్‌కి వేగం వచ్చింది. రెండు ఆల్బమ్‌ల పాటు ఒళ్లు తెలియని పరుగు. తర్వాత కేయాస్‌లో కాస్త నెమ్మదించారు. ఆ తర్వాత ఏం దెయ్యం పట్టిందో, గిటార్లు శ్రుతి కూడా చేసుకోకుండా, బావిలో కూర్చుని రికార్డు చేసినట్టు మోర్బిడ్ విజన్స్ అనే ఒక ఆల్బమ్ వదిలారు. దాన్ని నేను ‘ప్రయోగం’ అనుకున్నాను. ప్రయోగాలంటే మనకి అర్థం కాకపోవడం మామూలే కాబట్టి గౌరవంగా రెండు మూడుసార్లు విన్నాను కూడా. ఆ తర్వాత రూట్స్. చిట్టచివర స్కిజోఫ్రీనియా వచ్చేసరికి, వయసు మళ్లాక మళ్లీ కుర్రతనం వచ్చిన మనుషుల్లా పాత వేగం అందుకున్నారు. సుఖాంతం.

ఒకరోజు రాత్రి ఉండబట్టలేక రూమ్మేట్‌ని అడిగాను.

“ఒరేయ్, ఆ మొదటి సింగర్ బాగానే పాడాడు కదా, ఎందుకు తీసేశార్రా?”

“ఏ సింగర్?”

“అదే, అగెనెస్ట్‌లో పాడినతను.”

వాడు హెడ్‌ఫోన్స్ మెడ మీదకి జార్చుకుని నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. “అతను మొదటివాడు కాదురా నాయనా. చివర వచ్చినవాడు.”

“మరి ఆ మోర్బిడ్ విజన్స్ ప్రయోగం?”

“ప్రయోగం ఏంట్రా. అప్పటికి వాళ్లు పిల్లలు. గిటార్లు శ్రుతి చేసుకోవాలన్న ధ్యాస కూడా లేదు.”

వాడే ఒక కాగితం వెనకాల సంవత్సరాలు రాసిచ్చాడు. 1986, 1987, 1989, 1991, 1993, 1996, 1998. ఆ రాత్రే మొదటి నుంచి మళ్లీ విన్నాను. అయితే అంతకుముందు ఏడాది తప్పుడు వరసలో వినడం వల్ల నాకొక మేలు జరిగింది. సింగర్ మారినా, గిటార్ మారినా, రికార్డింగ్ బాగున్నా చెడ్డగా ఉన్నా, ఏడు ఫోల్డర్లలోనూ డ్రమ్స్ వాయించింది ఒక్కడే అని చెవికి తెలిసిపోయింది. పేరు తెలియదు గానీ చేతులు తెలుసు. అందుకే ఈ బ్యాండ్ శబ్దం ఎలా మారిందని ఎవరు అడిగినా నేను గిటార్ల దగ్గర మొదలుపెట్టను, ఇగోర్ కవలేరా చేతుల దగ్గర మొదలుపెడతాను.

కవలేరా అన్నదమ్ములిద్దరూ బ్రెజిల్‌లోని బెలో హొరిజోంచి ఊళ్లో ఈ బ్యాండ్ పెట్టారు. తండ్రి ఇటలీ దౌత్య కార్యాలయంలో పనిచేసేవాడు, పిల్లల చిన్నతనంలోనే గుండెపోటుతో పోయాడు. పాడుతూ గిటార్ వాయించే అన్న మాక్స్ 1969లో పుట్టాడు, డ్రమ్స్ వాయించే తమ్ముడు ఇగోర్ 1970లో. సెపుల్తురా అంటే పోర్చుగీసులో సమాధి. మోటర్‌హెడ్ అనే బ్యాండ్ పాట ఒకదాన్ని పోర్చుగీసులోకి మార్చుకుంటుంటే ఆ మాట దొరికి, బాగుందని పేరుగా పెట్టేసుకున్నాడు మాక్స్. 1985లో కొగుమెలో రికార్డ్స్ వాళ్లు ‘బెస్టియల్ డివాస్టేషన్’ వేశారు. అది కూడా సగం రికార్డే, రెండోవైపు ఓవర్‌డోస్ అనే ఇంకో స్థానిక బ్యాండ్. అప్పటికి ఇగోర్‌కి పదిహేనేళ్లు. మరుసటి ఏడాది మోర్బిడ్ విజన్స్.

ఈ రెండింటినీ ఇప్పుడు వింటే నాకు ముచ్చటేస్తుంది. పాటలు ఇంగ్లీషులో ఉన్నాయి గానీ వాళ్లకి ఇంగ్లీషు అంతంత మాత్రం. సైతాను, నరకం, శవాలు, అన్నీ వేరే బ్యాండ్ల దగ్గర అరువు తెచ్చుకున్నవి. డ్రమ్స్ చూస్తే ఒకే ఒక్క ఆలోచన: వీలైనంత వేగంగా కొట్టాలి. కుడికాలు, ఎడమచేయి ఒకదాని వెనక ఒకటి, డుం టక్ డుం టక్ డుం టక్, ఊపిరి తీసుకునే చోటు లేకుండా. పాట మధ్యలో వేగం మారాల్సిన చోట ముందు అందరూ తడబడి, ఒకళ్లకొకళ్లు దొరికాక మళ్లీ పరిగెత్తుతారు. ‘ట్రూప్స్ ఆఫ్ డూమ్’లో మాత్రం ఒక రిఫ్, అంటే తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క, ఉంది, అది నిజంగా రిఫ్. దాన్ని తర్వాత వాళ్లే బాగా రికార్డు చేసుకున్నారు కూడా.

1987లో ఆండ్రియాస్ కిస్సర్ వచ్చాడు. అంతకుముందు గిటార్ వాయించిన జైరో వెళ్లిపోయాడు. ఆండ్రియాస్‌కి గిటార్ వచ్చు. ఈ వాక్యం చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆ బ్యాండ్‌కి అప్పటిదాకా లేని సౌకర్యం అది. స్కిజోఫ్రీనియాలో ‘ఇన్‌క్విజిషన్ సింఫనీ’ అని ఏడు నిమిషాల పాట ఉంది, మాటలుండవు. ఏడు నిమిషాలు మాటల్లేకుండా వాయించాలంటే ఒక రిఫ్ నుంచి ఇంకో రిఫ్‌కి వెళ్లే దారి తెలియాలి. ఆ దారులు ఈ ఆల్బమ్‌లోనే పడ్డాయి. ఫిన్లండ్‌లో సెల్లోల మీద మెటల్ వాయించే అపోకలిప్టికా తర్వాత ఆ పాటని వాయించి, 1998లో తమ ఆల్బమ్‌కే ఆ పేరు పెట్టుకున్నారు. సెల్లోలకి ఒదిగిందంటే అందులో రాగం ఉన్నట్టే కదా. రికార్డింగ్ మాత్రం ఇంకా పల్చగా, రేకు డబ్బా మీద కొట్టినట్టే ఉంటుంది. చరిత్రలో చివరి ఆల్బమ్ అని నేను నమ్మినది ఇదే. అంత అనుభవం ఉన్న బ్యాండ్ ఇంత చవక స్టూడియోకి ఎందుకు వెళ్లిందో అని కూడా బాధపడ్డాను.

బినీత్ ద రిమైన్స్ దగ్గర ఆగాలి.

1988 డిసెంబర్ చివర్లో రియో డి జెనీరోలో రికార్డు చేశారు, రాత్రుళ్లు కూర్చుని. రోడ్‌రన్నర్ అనే పెద్ద కంపెనీ చేతికి వచ్చాక మొదటి ఆల్బమ్. అమెరికాలోని టాంపా నుంచి స్కాట్ బర్న్స్ అనే కుర్ర ఇంజనీర్ వచ్చాడు. మెటల్‌లో ఇంకా కరుకైన రకం డెత్ మెటల్, ఆ శబ్దం అంటే తర్వాత్తర్వాత అందరికీ గుర్తొచ్చే పేరు అతనిది. అతను చేసిన మేలు ఒక్కటే, ఎవరు ఏం వాయిస్తున్నారో వినపడేలా చేశాడు. అంతే. అది వినపడగానే ఈ నలుగురూ ఎంత గట్టివాళ్లో బయటపడింది. మొదటి పాట మెత్తటి గిటార్‌తో మొదలవుతుంది, ఎవరో తలుపు దగ్గర నిలబడి నెమ్మదిగా మాట్లాడుతున్నట్టు. కాసేపటికి తలుపు ఊడిపోతుంది.

ఈ ఆల్బమ్‌లో ‘ఇన్నర్ సెల్ఫ్’ నాకు ప్రాణం. మొదట్లో అది పరిగెత్తదు, నడుస్తుంది. భుజాలు ఊపుకుంటూ నడిచే మనిషిలా. తర్వాత వేగం అందుకుంటుంది గానీ ఆ నడక గుర్తు మనలో ఉండిపోతుంది. వేగం గొప్పగా వినపడటానికి కారణం దాని ముందున్న నెమ్మది అని ఇగోర్‌కి అర్థమైన పాట అదేనని నా అనుమానం. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఏం అర్థమైందో గుర్తు చేసుకోదలచుకోలేదు. మాటలు కూడా మారాయి. సైతాను జాడ పోయి యుద్ధం, భయం, మనిషి లోపలి గోల వచ్చాయి. అరువు సరుకు అయిపోయింది, సొంత సరుకు మొదలైంది.

అరైజ్‌కి వాళ్లే టాంపా వెళ్లారు, మోరిసౌండ్ స్టూడియోకి. మళ్లీ స్కాట్ బర్న్సే. ఈసారి మిక్సింగ్ ఆండీ వాలెస్‌ది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు. 1991 జనవరిలో రాక్ ఇన్ రియో పండుగలో, మరకానా స్టేడియంలో సొంత దేశం జనం ముందు వాయించారు. ఆ ఏడాదే అరైజ్ విడుదలైంది. త్రాష్ మెటల్, అంటే వేగం మీద నడిచే మెటల్, అనే పనిని తప్పు పట్టడానికి వీల్లేకుండా ఎలా చేయాలో ఎవరైనా అడిగితే మొదటి పాట వినిపిస్తే చాలు. మూడు నిమిషాల చిల్లరలో అయిపోతుంది, చొక్కా చిరిగినట్టుంటుంది.

కానీ నా చెవి వెళ్లేది ‘ఆల్టర్డ్ స్టేట్’ అనే పాట మొదటి క్షణాలకి. గిటార్ రాకముందు ఒక అడవి తాళం వినిపిస్తుంది. రూట్స్ ఆల్బమ్‌తో వీళ్లు హఠాత్తుగా మారిపోయారని, ఫ్యాషన్ కోసం గిరిజన డ్రమ్ములు తెచ్చిపెట్టుకున్నారని కోప్పడేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లని నేను ఈ పాట దగ్గరికి తీసుకెళ్తాను. రూట్స్‌కి ఐదేళ్ల ముందే, త్రాష్‌లో శిఖరం మీద ఉన్నప్పుడే, ఇగోర్ ఆ తలుపు తీసి ఒకసారి తొంగి చూశాడు. చూసి మళ్లీ వేసేశాడు. మిగతా పాట మామూలుగానే పరిగెత్తుతుంది. నేను తప్పుడు వరసలో విన్నప్పుడు అరైజ్ నా రెండో ఫోల్డర్. ఈ క్షణాలు విని ‘ఇదేదో వింతగా ఉందే’ అనుకుని దాటేశాను. సరైన వరసలో వింటే అది వింత కాదు, ముందుగా వచ్చిన కబురు.

ఇక కేయాస్ ఏ.డీ. 1993.

ముందు వినపడేది ఒక గుండె చప్పుడు. మాక్స్ భార్య గ్లోరియా కడుపులో ఉన్న బిడ్డ జయాన్‌ది. ఆసుపత్రి యంత్రంలో వినపడినదాన్ని తెచ్చి ఆల్బమ్ మొదట్లో పెట్టారు. దాని మీదికి ఇగోర్ టామ్స్, అంటే డ్రమ్ సెట్‌లోని గుమ్మటాల్లాంటి డ్రమ్ములు, వస్తాయి. ఆ తర్వాతే గిటార్. ఈ వరస నాకు చాలా ఇష్టం: ముందు గుండె, తర్వాత డ్రమ్, ఆఖర్న గిటార్. అంతకుముందు ఆల్బమ్‌లలో గిటార్ ముందు పరిగెత్తేది, డ్రమ్స్ దాన్ని తరిమేవి. ఇక్కడ డ్రమ్స్ ఇల్లు కడతాయి, గిటార్ లోపలికొచ్చి కాపురం పెడుతుంది. ‘రెఫ్యూజ్/రెసిస్ట్’ రిఫ్‌ని గిటార్ మీద వాయించి చూడండి, వారం రోజులు నేర్చుకున్నవాడికి కూడా వచ్చేస్తుంది. బినీత్ ద రిమైన్స్‌లో ఏ రిఫ్ అయినా అలా వస్తుందేమో చూడండి మరి. తేలికైంది గిటార్. కష్టమైనదంతా డ్రమ్స్ మీదికి వెళ్లిపోయింది.

ఈసారి నిర్మాత ఆండీ వాలెసే. వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో చేశారు. గిటార్ల శ్రుతి కిందికి దిగింది. మాక్స్ గిటార్‌కి ఆరు తీగలు ఉండవు, నాలుగే. సన్నటి రెండూ తీసేశాడు, వాడనివి ఎందుకని. ఆ నాలుగు లావు తీగలతో అతను వాయించేది సగం తాళమే. అన్నదమ్ములిద్దరూ కలిసి ఒకే డ్రమ్ వాయిస్తున్నట్టు ఉంటుంది కొన్ని చోట్ల.

‘టెరిటరీ’ మొదట్లో ఇగోర్ ఒక్కడే వాయిస్తాడు. పట్టుమని పది సెకన్లు. దాన్ని నేర్చుకోవాలని నేను ప్రాక్టీస్ ప్యాడ్ కొన్నాను. రబ్బరు ముక్క అతికించిన చెక్క, రెండు కర్రలు. టామ్స్ బదులు మంచం మీద మూడు దిండ్లు, ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా, ఇంకోటి ఇంకా గట్టిగా. ఎంత వేగంగా కొట్టాలో అని భయపడుతూ కూర్చున్నాను. తీరా చూస్తే వేగం పెద్ద సమస్య కాదు. నా చేతులు ఆ వేగాన్ని రెండు వారాల్లో అందుకున్నాయి. సమస్యంతా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న ఖాళీ. తాళం తప్పకుండా టిక్ టిక్‌మనే మెట్రోనోమ్ పెట్టుకుని ఫోన్‌లో రికార్డు చేసి వింటే మొదటి రెండు వరసలు సరిగ్గా ఉంటాయి, మూడో వరసకి నేను మెట్రోనోమ్ కంటే వెంట్రుకవాసి ముందుంటాను, నాలుగో వరసకి అది వెనక నుంచి పిలుస్తుంటుంది. ప్రతిసారీ అంతే. ఖాళీ కనిపిస్తే చేయి ఊరుకోదు, నింపేయాలని చూస్తుంది. ఇగోర్ ఆ ఖాళీలో కూర్చుంటాడు. దెబ్బ ఇంకో క్షణంలో పడుతుందని మనకి తెలుసు, అతనికీ తెలుసు, ఆ క్షణం అయ్యేదాకా కొట్టడు. బరువంటే అదే. పదిహేనేళ్ల వయసులో డుం టక్ డుం టక్ అని ఊపిరాడకుండా కొట్టిన పిల్లాడే ఇతను అని దిండ్ల ముందు కూర్చున్నప్పుడే నాకు నిజంగా ఎక్కింది. ఎనిమిదేళ్లలో అతను నేర్చుకున్నది కొట్టకుండా ఉండటం.

ఇదే ఆల్బమ్‌లో ‘కైయోవాస్’ అని ఒకటి ఉంది, కరెంటు గిటార్ లేదు, మాటల్లేవు. వేల్స్‌లోనే చెప్‌స్టో అనే పాడుబడిన కోటలో కూర్చుని వాయించారు. గోడలున్నాయి, కప్పు లేదు. భూములు లాక్కుంటుంటే సామూహికంగా ప్రాణాలు తీసుకుంటామన్న బ్రెజిల్ ఆదివాసులు, గువరానీ కైయోవాల పేరు మీద కట్టిన పాట. అలాగే ‘మానిఫెస్ట్’. 1992 అక్టోబర్ 2న సావో పావులోలోని కరందిరు జైల్లో పోలీసులు అల్లరి అణచడానికి వెళ్తే 111 మంది ఖైదీలు చనిపోయారు. ఆ ఊచకోత గురించి. చూడండి, ఏడేళ్ల కిందట సైతాను గురించి పాడినవాళ్లు ఇప్పుడు సొంత దేశం వార్తాపత్రిక తీసి చదువుతున్నారు. వింతేంటంటే మాక్స్ అప్పటికే అమెరికాలోని ఫీనిక్స్‌కి మకాం మార్చేశాడు. దూరం వెళ్లాకే ఇల్లు బాగా కనిపించినట్టుంది.

కనిపించిన ఇంటికి నిజంగా వెళ్లింది రూట్స్‌లో. మాతో గ్రోసో రాష్ట్రంలో షవాంతే ఆదివాసుల ఊరికి వెళ్లి, వాళ్ల మధ్య ఉండి, వాళ్లతో కలిసి పాడి రికార్డు చేసుకొచ్చారు. ఆల్బమ్‌లో ‘ఇత్సారీ’ అదే. షవాంతే భాషలో ఆ మాటకి వేర్లు అని అర్థం. బ్రెజిల్‌లోనే బాహియా నుంచి కార్లిన్యోస్ బ్రౌన్ అనే తాళవాద్య కళాకారుడు వచ్చి రకరకాల వాద్యాలు వాయించాడు. ‘ఆటిట్యూడ్’ పాట బెరింబావుతో మొదలవుతుంది. విల్లులాంటి కర్రకి ఒకే తీగ, కింద సొరబుర్రలాంటి డొల్ల. ఆ ఒక్క తీగ మోగాక గిటార్ల గుంపు వచ్చి పడుతుంది, కానీ చిత్రంగా గిటార్లే బెరింబావుని అనుకరిస్తున్నట్టు ఉంటాయి.

నిర్మాత రాస్ రాబిన్సన్. అప్పటికి రెండేళ్ల ముందు కోర్న్ అనే అమెరికా బ్యాండ్ మొదటి ఆల్బమ్ చేసినవాడు. మిక్సింగ్ మళ్లీ ఆండీ వాలెస్, మూడోసారి. శ్రుతి ఇంకా కిందికి, రిఫ్‌లు ఇంకా తేలిక. ‘రూట్స్ బ్లడీ రూట్స్’ రిఫ్‌లో ఉన్నది దాదాపు ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని అంత నమ్మకంగా వాయించడమే అందులో ఉన్నది.

అయినా నిజం చెప్పాలి. ఈ ఆల్బమ్ 70 నిమిషాలు దాటుతుంది, నేను ఏ రోజూ ఒక్క బిగిన వినలేకపోయాను. మొదటి సగం కొండ. రెండో సగంలో అతిథులు ఎక్కువయ్యారు, పెళ్లిలో పెళ్లికొడుకు కనపడనట్టు. ‘లుకవే’ వచ్చినప్పుడల్లా నా వేలు దానంతటదే తర్వాతి పాట మీదికి వెళ్తుంది. త్రాష్ అభిమానులు దీన్ని ద్రోహం అన్నారు, కొత్తవాళ్లు దీన్నే బైబిల్ చేసుకున్నారు. నాకు రెండూ ఎక్కువే అనిపిస్తాయి. మీరు నన్ను ఒక్క ఆల్బమ్ పట్టుకుని దీవికి పొమ్మంటే నేను కేయాస్ పట్టుకుపోతాను. కానీ ‘రతమహత్త’ ఒక్క పాట కోసం రూట్స్‌ని ఎప్పటికీ వదలను. పోర్చుగీసు మాటలు, తాళం మీద తాళం, ఒక సందులో ఊరేగింపూ గొడవా ఒకేసారి జరుగుతున్నట్టుంటుంది.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే, తొందరగా దాటేస్తాను. 1996 ఆగస్టులో గ్లోరియా కొడుకు డానా కారు ప్రమాదంలో చనిపోయాడు. ‘ఆటిట్యూడ్’ మాటల్లో అతని చేయి కూడా ఉంది. గ్లోరియా బ్యాండ్ మేనేజర్ కూడా. ఆమెతో ఒప్పందం కొనసాగించకూడదని మిగతా ముగ్గురూ అనుకున్నారు. డిసెంబర్ 16న లండన్‌లోని బ్రిక్స్‌టన్ అకాడమీలో వాయించాక మాక్స్ వెళ్లిపోయాడు. అన్న వెళ్లాడు, తమ్ముడు ఉండిపోయాడు. ఆ ఇద్దరూ పదేళ్ల దాకా మళ్లీ కలవలేదు.

అందుకే అగెనెస్ట్‌ని ఇప్పుడు వింటే గొంతు పట్టేస్తుంది. 1998లో, అమెరికాలోని క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన డెరిక్ గ్రీన్ పాడాడు. ఏడాది పాటు నేను దీన్ని ఒక బ్యాండ్ మొదటి అడుగు అనుకుని విన్నానని చెప్పాను కదా. మొదటి అడుగులో ఉండే తడబాటు ఇందులో నిజంగానే ఉంది, నా పొరపాటులో అంతమాత్రం న్యాయం ఉంది. నాలుగు తీగల గిటార్ లేదు. డ్రమ్స్ ఇల్లు కట్టి పెట్టాయి, కాపురానికి రావాల్సినవాడు రాలేదు. ‘కమైతాచి’లో జపాన్ నుంచి కోదో బృందం పెద్ద డ్రమ్ములు వాయించింది. ఇగోర్ వెతుక్కుంటూ అంత దూరం వెళ్లాడు మరి. ఆ పాట ఒక్కటి మాత్రం దీపం.

2006లో ఇగోర్ కూడా బయటికొచ్చేశాడు. ఇక కవలేరాలెవరూ లేని సెపుల్తురా. ఆండ్రియాస్, బాస్ వాయించే పావులో, డెరిక్ కలిసి బండి లాగారు. మధ్యలో నేను అరకొరగా విన్నవి చాలా ఉన్నాయి, వాటి మీద తీర్పులివ్వను. 2020లో వచ్చిన క్వాడ్రా మాత్రం మళ్లీ నన్ను కూర్చోబెట్టింది. పన్నెండు పాటల్ని మూడేసి చొప్పున నాలుగు భాగాలు చేశారు. మొదటి భాగం త్రాష్, రెండోది రూట్స్ నాటి తాళాలు, మూడోది వాద్యం ఎక్కువ, నాలుగోది నెమ్మది. తమ చరిత్రని తామే ఫోల్డర్లుగా సర్దుకున్నట్టుంది. డ్రమ్స్ ఎలోయ్ కసగ్రాండే. అతని చేతులు ఇగోర్ కంటే చాలా వేగం, చాలా శుభ్రం. 2023 డిసెంబర్‌లో వీడ్కోలు పర్యటన ప్రకటించారు. అది మొదలయ్యేలోపే ఎలోయ్ స్లిప్‌నాట్ అనే ఇంకో బ్యాండ్‌కి వెళ్లిపోయాడు, గ్రేసన్ నెక్రుట్‌మన్ అనే అమెరికా కుర్రాడు వచ్చి కూర్చున్నాడు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, నా తప్పుడు చరిత్ర నిజమైంది.

2006 తర్వాత అన్నదమ్ములు మళ్లీ కలిశారు. 2023లో కవలేరా అనే పేరుతో ఇద్దరూ కూర్చుని బెస్టియల్ డివాస్టేషన్‌నీ మోర్బిడ్ విజన్స్‌నీ మొదటి నుంచి మళ్లీ రికార్డు చేశారు. యాభై దాటిన మనుషులు, పదిహేనేళ్లప్పటి పాటలు, ఈసారి శ్రుతి చేసిన గిటార్లతో. 2024లో స్కిజోఫ్రీనియా కూడా. అంటే కేయాస్ తర్వాత మోర్బిడ్ విజన్స్ వచ్చింది. చిట్టచివర స్కిజోఫ్రీనియాలో వయసు మళ్లాక కుర్రతనం వచ్చింది. అక్షరమాలకి ముందే తెలుసు.

కొత్త మోర్బిడ్ విజన్స్ విన్నాను. పాటలు అవే, పరుగు అదే, డుం టక్ డుం టక్ కూడా అదే. కానీ వేగం మారాల్సిన చోట, పిల్లలప్పుడు నలుగురూ తడబడిన చోట, ఇప్పుడు రవ్వంత ఖాళీ ఉంది. అతను ఆగుతున్నాడు. వాయించేది పదిహేనేళ్లవాడి పాట, ఆగేది కేయాస్ వాయించిన చేయి. బాగుందా అంటే బాగుంది. పాతదాని కంటే బాగుందా అంటే నేను జవాబు చెప్పను, ఆ బావిలోంచి వచ్చే శబ్దానికి నేను బాగా అలవాటు పడిపోయాను.

నా రూమ్మేట్‌కి మెసేజ్ పెట్టాను, “చూశావా, నేను చెప్పింది నిజమే” అని. వాడు నవ్వే బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు.

కొత్త స్కిజోఫ్రీనియాని ఆ పాత పెన్ డ్రైవ్‌లో వేద్దామని కూర్చున్నాను. ఈ పేరుతో ఇప్పటికే ఒక ఫోల్డర్ ఉంది, దాని స్థానంలో ఇది పెట్టమంటారా అని కంప్యూటర్ అడిగింది. వద్దని నొక్కాను.